సీమబండి బేరం

ఈ మధ్య మన సంఘపు కూడికలలో కుర్రవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే తప్పక వినబడే మాట ఒకటున్నది. అది సీమబండి మాట. సీమ అంటే ఇక్కడ రాయలసీమ కాదు. మన పెద్దలు సీమ సరుకు, సీమ సున్నం, సీమచింత అని అన్నప్పటి సీమ. జర్మనీలోనో, ఇంగ్లండులోనో, జపానులోనో తయారై, ఓడ మీద వచ్చి, ఎవరో ధనవంతుని ఇంట పది పదిహేనేండ్లు తిరిగి, ఇప్పుడు అమ్మకానికి నిలబడిన పెద్ద బండి అన్నమాట. కొండ, బురద, ఇసుక అని చూడకుండా నాలుగు చక్రాలూ తిప్పుకొంటూ పోయే రకం. లోపల మాత్రం తోలు సీట్లు, చెక్క పలకలు, రాజభోగం. (బెంగుళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు దీనిని గాడి అనే అంటారు. కన్నడంతో మూడు నాలుగు తరాలుగా కాపురం చేస్తున్నాము కదా, బండి పోయి గాడి వచ్చింది. అందులో తప్పేమీ లేదు.)

ఇలాంటి బండ్లు ఇప్పుడు ఎంత చౌకగా దొరుకుతున్నాయంటే వినేవారికి నమ్మశక్యం కాదు. కొత్తలో అరకోటి, ముప్పాతిక కోటి పలికినవి, నేడు ఒక కొత్త చిన్న కారు ధరకు వస్తున్నాయి. విశేషించి పెట్రోలు ఇంజను గలవి. హోసూరులోను, బళ్ళారిలోను, షోలాపూరులోను, బరంపురంలోను మనవాళ్ళు కష్టపడి నాలుగు రాళ్ళు వెనకేసుకొన్న ఇళ్ళలో ఈ ఆశ మొలకెత్తడం వింత కాదు. కనుక ఈ బేరంలోని లోతుపాతులను గురించి మాకు తెలిసినంతవరకు వ్రాస్తున్నాము. మేము ఇంజను విప్పి బిగించగల వాళ్ళము కాము. ఆఫీసులో కాగితాలతో కాలక్షేపం చేసే గుమాస్తాలము. అయితే ఈ బేరంలో సగం పైగా కాగితాలే గనుక, ఆ మేరకు మాకు మాట్లాడే అర్హత వున్నదనుకుంటాము.

మొదట ధర ఎందుకు ఇంతగా పడిపోతుందో చూద్దాము. నలభై వేల డాలర్లకు మించిన విలువ గల కొత్త కారు పూర్తిగా తయారై మన దేశానికి వస్తే, 2025 ఫిబ్రవరి బడ్జెట్టుకు ముందు దానిపై మూల సుంకం నూటికి నూరు. దానిపైన మరొక పది సర్‌చార్జి. ఆ బడ్జెట్టులో మూల సుంకాన్ని డెబ్బైకి తగ్గించి, నలభై వంతుల సెస్సు చేర్చారు. అనగా పేరు మారింది గాని మొత్తం నూట పదే. దానిమీద జి.ఎస్.టి., అదనపు సెస్సు కలిపి, 2025 సెప్టెంబరుకు ముందు ఇటువంటి పెద్ద బండ్లకు నూటికి యాభై. ఆపైన కర్ణాటకంలోనైతే ఇరవై లక్షలు దాటిన కారుకు జీవితకాలపు పన్ను నూటికి పద్దెనిమిది. ఓడ దిగేటప్పుడు నూరు రూపాయల విలువ గల సరుకు రోడ్డెక్కేసరికి సుమారు మూడువందల డెబ్బై రూపాయలయ్యేది. ఆ డెబ్బైలు, ఇన్నూర్లు అన్నీ సర్కారుకు చేరిన సొమ్ము. అవి బండిలో లేవు. కాబట్టి మొదటి యజమాని అమ్మబోయినప్పుడు అవి తిరిగి రావు. ధర కొండ మీది నుండి రాయి దొర్లినట్లు దొర్లుతుంది.

ఇక్కడే మన కుర్రవాళ్ళు ఒక సంగతి మరచిపోతున్నారు. బండి ధర పడింది గాని, దాని విడిభాగాల ధర పడలేదు. కోటి రూపాయల బండికి ఎంత ఖరీదైన బ్రేకు పలక కావాలో, పది లక్షలకు కొన్న అదే బండికీ అంత ఖరీదైన బ్రేకు పలకే కావాలి. అది కూడా సుంకం కట్టుకొనే వస్తుంది. ఒక్కొక్క టైరు మావంటి గుమాస్తా జీతంలో పెద్ద వాటాను మింగుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అని మనవాళ్ళ సామెత. ఇక్కడ ఏనుగు చౌక, అంకుశమే ప్రియం.

ఈ జాతి బండ్ల పుట్టుక గురించి రెండు మాటలు. ఇంగ్లండులో లాండ్ రోవరు 1948లో వచ్చింది. అది రైతుల బండి, మోటుది. అదే సంస్థ 1970లో రేంజ్ రోవరును తెచ్చింది. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో, పొలంలోను పట్నంలోను రెండింటా తిరగగల బండి. జపానువారి టొయోటా సంస్థ 1951లో మొదలుపెట్టిన బండికి 1954లో లాండ్ క్రూయిజరు అని పేరు పెట్టారు. పందెపు కార్లకు పేరుపడిన జర్మనీవారి పోర్షే సంస్థ 2002లో కయెన్ అనే బండితో ఈ బాట పట్టింది. లాండ్ రోవరు సంస్థను 2008లో మన టాటావారే కొన్నారన్నది పాఠకులెరిగినదే.

ఇక పెట్రోలు ఎందుకు? మామూలుగా ఇంత బరువైన బండికి డీసిలే కావాలంటారు. అయితే ఢిల్లీలో చుట్టుకొన్న పొగ మూలంగా చట్టం అడ్డం వచ్చింది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో రెండువేల సి.సి.కి పైబడిన డీసిలు బండ్ల రిజిస్ట్రేషను నిలిపివేసింది. 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సుంకం కట్టించుకొని మళ్ళీ అనుమతించింది. ఆ ఎనిమిది నెలల దెబ్బకు పెద్ద బండ్లవారు పెట్రోలు ఇంజన్లను కూడా ముందుకు తెచ్చారు. 2018 అక్టోబరులో అదే కోర్టు పదేండ్లు దాటిన డీసిలు, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లు ఆ ప్రాంతంలో తిరగరాదన్నది. 2025లో దీనికి కొన్ని సడలింపులు వచ్చాయి. ఏమైతేనేమి, అక్కడ వయసు మీరిన బండ్లు వరుసగా దక్షిణాదికి దిగివచ్చాయి. మన వూళ్ళలో 'ఢిల్లీ బండి' అనే మాట పుట్టింది ఇందువల్లనే.

పెట్రోలు ఇంజను నెమ్మదైనది, అదురు తక్కువ, డీసిలు బండ్లను పీడించే మసి జల్లెడల బాధ లేదు. ఇవన్నీ నిజమే. తాగుడు మాత్రం చెప్పనలవి కాదు. ఎనిమిది సిలిండర్ల బండి ఊళ్ళో లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు నడిస్తే అదృష్టం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారు, లీటరుకు ఐదు చొప్పున, రెండువందల లీటర్లు పోయాలి. లీటరు నూరు రూపాయలనుకొన్నా నెలకు ఇరవై వేలు. పాత కయెన్ తొట్టి నూరు లీటర్లు పడుతుంది. ఒకసారి నింపితే పదివేలు. బెంగుళూరు నుండి తిరుపతికి పోయి రావడం సుమారు ఐదువందల కిలోమీటర్లు. పెద్ద రోడ్డు మీద లీటరుకు ఎనిమిది వచ్చినా, స్వామి హుండీకి మ్రొక్కుకొన్నదానికంటె బంకు హుండీలో పడేదే ఎక్కువగా వుంటుంది.

ఇంకొక చిక్కు. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో నూటికి ఇరవై వంతుల ఇథనాలు కలపడం జరిగింది. ఇరవై ఏండ్ల క్రిందట తయారైన బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇంత ఇథనాలును దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. పైగా ఇథనాలు గాలిలోని చెమ్మను పీల్చుకొంటుంది. నెలల తరబడి కదలకుండా షెడ్డులో నిలబడిన బండి తొట్టిలో ఇది మంచిది కాదు. కాబట్టి 'సారు ఎక్కువగా వాడలేదండీ, ఉంచుకొన్నారంతే' అని బ్రోకరు చెబితే సంతోషించవలసిన పని లేదు.

ఇంజను సంగతులలో కొన్ని జగమెరిగినవి. 2003 నుండి 2006 వరకు తయారైన కయెన్ ఎనిమిది సిలిండర్ల బండిలో, ఇంజను నడినెత్తిన, గాలి గొట్టాల క్రింద, నీళ్ళు పారే గొట్టాలు ప్లాస్టిక్కువి వేశారు. వేడికి ఏండ్లు గడిచేకొద్దీ అవి పెళుసెక్కి పగులుతాయి. ఆ నీళ్ళు పోయి క్రింద వున్న స్టార్టరు మోటారు మీద పడతాయి. వాటి స్థానంలో అల్యూమినియం గొట్టాలు వేయించడం లోకంలో ఆనవాయితీ అయింది. అమ్మేవాడు 'వేయించాము' అంటే బిల్లు అడగాలి. అదే బండిలో వెనుక చక్రాలకు బలాన్ని తీసుకుపోయే పొడుగాటి కడ్డీకి నడుమ ఒక రబ్బరు బేరింగు వుంటుంది. అది చిరిగితే నేల క్రింద సుత్తితో కొట్టినట్లు చప్పుడు. లాండ్ క్రూయిజరులో 4.7 లీటర్ల పెట్రోలు ఇంజను గట్టిదని పేరు. కాని దానికి టైమింగు బెల్టు వున్నది. లక్షాయాభై వేల కిలోమీటర్ల దరిదాపులలో మార్చి తీరాలి. రేంజ్ రోవరు మొదలైన వాటిలో స్ప్రింగులకు బదులు గాలి సంచులుంటాయి. రబ్బరు గనుక పాతబడితే కారుతాయి. రాత్రి ఎత్తుగా నిలబెట్టిన బండి తెల్లవారేసరికి ఒక మూలకు కుంగి, మోకాలి నొప్పి గల ముసలివాని మాదిరిగా కూర్చొని వుంటుంది. ఆ కారిన గాలిని నింపడానికి కంప్రెసరు పనిచేసి పనిచేసి అదీ పోతుంది.

మా మేనల్లుని ఉదంతం ఇక్కడ చెప్పడం అనుచితం కాదనుకుంటాము. మా బావగారి పొలం అంచు రోడ్డు వెడల్పుకు పోతే పరిహారం సొమ్ము వచ్చింది. అందులో కొంత మేనకోడలి పెండ్లికి అట్టిపెట్టి, మిగిలినది కొడుకు చేతికిచ్చారు. పూల రవాణాకు ఒక చిన్న వ్యాను కొంటాడని ఆయన ఉద్దేశం. కుర్రవాడు మాత్రం బెంగుళూరు వచ్చి, "మామయ్యా, ఒక బండి చూశాను. ఎనిమిది సిలిండర్లు. కొత్తది చిన్న కారు కొనే డబ్బుకు వస్తుంది. పదకొండు లక్షలంటున్నాడు, పదికి దిగుతాడు. మీరు వచ్చి కాగితాలు చూడండి చాలు" అన్నాడు. బండి పేరుగాని, అమ్మేవారి పేరుగాని ఇక్కడ వ్రాయము. ఐరోపాలో తయారైనది, నల్లని రంగు, చూడడానికి పట్టపుటేనుగే.

ఒక తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని పోయాము. ఆయన మాకన్న పెద్దవాడు, తమిళుడు, మాట తక్కువ మనిషి. పోయీపోగానే ఇంజను మూత మీద అరచేయి పెట్టి చూశాడు. వేడిగా వున్నది. "మేము పది గంటలకు వస్తామని చెప్పినాము. ఎవరు స్టార్టు చేసినారు?" అని అడిగాడు. అమ్మేవాని మనిషి 'కడగడానికి బయటకు తీశాము' అన్నాడు. చల్లారిన ఇంజను మొదటిసారి తిరిగేటప్పుడే దాని గుట్టు బయటపడుతుందట. నీలం పొగ వస్తే నూనె కాలుతున్నదని, తెల్లపొగ ఆగకుండా వస్తే నీళ్ళు లోపలికి పోతున్నాయని, టకటక చప్పుడు వస్తే గొలుసో మరేదో అరిగిందని. ముందే వేడిచేసి పెడితే ఈ గుట్టు మూతబడుతుంది. "మధ్యాహ్నం మూడు గంటలకు వస్తాము. అంతవరకు తాకవద్దు" అని చెప్పి వచ్చేశాము.

మూడు గంటలకు పోయేసరికి బండి వెనుక ఎడమ మూల రెండు వ్రేళ్ళ మేర కుంగి వున్నది. మెకానిక్కు మాకు కనుసైగ చేశాడు గాని పైకేమీ అనలేదు. డ్రైవరు ప్రక్క సీటు బెల్టును చివరంటా బయటికి లాగాడు. లోపల చుట్టుకొని వుండే భాగంలో మట్టి చార ఒకటి అడ్డంగా కనిపించింది. కాళ్ళక్రింది తివాచీ అంచు పైకెత్తితే అడుగున ఎండిన ఒండ్రు. నీళ్ళలో మునిగిన బండికి పైన ఎంత పాలిషు పెట్టినా బెల్టు చివర, తివాచీ అడుగు అబద్ధమాడవు. 2015 డిసెంబరులో చెన్నై, 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు భాగం మునిగినప్పుడు ఇటువంటి ఖరీదైన బండ్లు ఎన్నో నీళ్ళపాలైనాయి. ఈ జాతి బండ్లలో అనేకం బ్యాటరీ, విద్యుత్తు పెట్టెలు సీట్ల క్రిందనే వుంటాయి. ఆ పెట్టెలలో చేరిన తుప్పు ఈ రోజు కాకపోతే రేపు పనిచెబుతుంది.

ఇదంతా మెకానిక్కు చూసినది. మేము చూసినది ఆర్.సి. ఆ బండి 2006 ఆగస్టులో రిజిస్టరైంది. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లుతుంది. అంటే 2021తో తీరి, మరి ఐదేండ్లకు పొడిగించారు. ఆ గడువు 2026 ఆగస్టుతో తీరుతుంది. 2022 ఏప్రిల్ నుండి దిగుమతి అయిన నాలుగు చక్రాల బండికి ఈ పొడిగింపు రుసుము నలభై వేలు. 2025 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం ఇరవై ఏండ్లు దాటిన దిగుమతి బండికి అది ఎనభై వేలు. మామూలు దేశీ కారుకు పదివేలే. రుసుము కట్టినంత మాత్రాన సరిపోదు, బండి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి. అమ్మేవాని తొందర ఎక్కడ నుండి వచ్చిందో అప్పుడు మాకు బోధపడింది. మావానికి చూపించాము. వాడు చాలాసేపు ఆ తేదీ వంక చూస్తూ నిలబడ్డాడు.

అంతలో బ్రోకరు మరొక ఉపాయం చెప్పాడు. "మీరు తెలుగువాళ్ళు కదా, యానాంలో చుట్టాలెవరైనా వున్నారా? అక్కడి అడ్రసు మీద మార్పిస్తే పన్ను కలిసివస్తుంది" అన్నాడు. ఈ మాట విని మాకు ఒళ్ళు మండింది. యానాములోని మన పాఠకులు ఈ సంగతి గమనించాలని దీనిని కొంచెం విపులంగా వ్రాస్తున్నాము.

పుదుచ్చేరి ప్రాంతంలో బండ్ల పన్ను పొరుగు రాష్ట్రాలకంటె బాగా తక్కువ. యానాము ఆ ప్రాంతంలోనిదే. అక్కడి బండ్లకు పి.వై.04 గుర్తు. అందువల్ల ఎక్కడెక్కడివాళ్ళో ఖరీదైన బండ్లను పుదుచ్చేరి అడ్రసులతో రిజిస్టరు చేయించి, తమ వూళ్ళలో తిప్పుకోవడం చాలాకాలంగా సాగుతున్నది. 2017లో కేరళలో ఇది పెద్ద గొడవై, సినిమావాళ్ళ మీద కూడా కేసులు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరులో రవాణాశాఖవారు కర్ణాటకపు పన్ను కట్టకుండా తిరుగుతున్న పరరాష్ట్రపు ఖరీదైన బండ్లను ముప్పై దాకా పట్టుకొన్నారు. చట్టం సులువైనదే. ఒక రాష్ట్రపు బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి వుంచితే అక్కడి గుర్తు తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. 'చుట్టరికం కదా, ఒక్క అద్దె కాగితమే కదా' అని యానాములోని మన పెద్దనాన్నగారో, పిన్నిగారో సంతకం పెడితే, రేపు నోటీసు వచ్చేది వారి వాకిటికే. బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు వెదుక్కొంటూ వచ్చేదీ అక్కడికే. కారులో వారు ఒక్కనాడు కూర్చొని కూడా వుండరు. దయచేసి యానాము బంధువులను ఇటువంటివి అడుగవద్దు, వారూ ఒప్పుకోవద్దు.

దిగుమతి కాగితాల మాట ఇంకా పెద్దది. వాడిన బండిని విదేశం నుండి తెచ్చుకోవాలంటే అది తయారై మూడేండ్లకు మించి వుండరాదు, స్టీరింగు కుడివైపునే వుండాలి, ముంబాయి రేవులోనే దిగాలి అని నిబంధనలు. కనుక ఏదైనా బండి తయారైన సంవత్సరానికీ, మన దేశంలో మొదటిసారి రిజిస్టరైన సంవత్సరానికీ నడుమ నాలుగైదేండ్ల ఎడం కనిపిస్తే, ఎలా వచ్చిందని అడిగి తీరాలి. తయారైన ఏడు తెలుసుకోవడం కష్టం కాదు. ఛాసిస్ నెంబరు పదిహేడు అక్షరాలు. డబ్ల్యు.పి.1 అని మొదలైతే పోర్షేవారి పెద్ద బండి, ఎస్.ఎ.ఎల్. అయితే లాండ్ రోవరు, జె.టి. అయితే జపానులో తయారైన టొయోటా. పోర్షే, లాండ్ రోవరులలో పదవ అక్షరం మోడలు సంవత్సరాన్ని చెబుతుంది. 5 అంటే 2005. ఎ అంటే 2010. అద్దం మూలన వున్న నెంబరు, తలుపు స్తంభం మీది నెంబరు, ఆర్.సి.లోది, కస్టమ్సువారి దిగుమతి పత్రంలోది అన్నీ ఒకటే కావాలి. వేలితో తడిమి చూస్తే చెక్కి మళ్ళీ కొట్టిన అంకెలు చేతికి తెలుస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకనేవారికి 2025 సెప్టెంబరు 23న కేరళలో జరిగినది చెప్పాలి. కస్టమ్సువారు 'నమ్‌ఖోర్' అని పేరు పెట్టి రాష్ట్రమంతటా ఒకేరోజు సోదాలు చేసి, ముప్పైకి పైగా బండ్లు పట్టుకొన్నారు. నమ్‌ఖోర్ అంటే భూటాను భాషలో వాహనం. లాండ్ క్రూయిజర్లు, పెట్రోళ్ళు (ఇది నిస్సాన్ వారి బండి పేరు, ఇంధనం కాదు), డిఫెండర్లు వంటి పాత బండ్లను భూటాను నుండి సుంకం కట్టకుండా దాటించి, దొంగ కాగితాలతో హిమాచల ప్రదేశ్ వంటి చోట్ల రిజిస్టరు చేయించి, కేరళలో అమ్మారని అభియోగం. పట్టుబడినవాటిలో సినీనటుల బండ్లూ వున్నాయి. తాము నిజాయితీగా డబ్బిచ్చి కొన్నామన్నవారు కూడా బండి విడిపించుకొనేందుకు హైకోర్టు కెక్కవలసి వచ్చింది. కస్టమ్సు చట్టంలో వున్న కీలకమే అది. సుంకం ఎగవేసిన సరుకు ఎవరి చేతిలో వున్నా జప్తు చేయవచ్చు. దొంగ ఎవడో, కొన్నది ఎవరో అన్న విచారణ తరువాతి మాట. బండి ముందు పోతుంది.

అదే సంవత్సరం మే నెలలో హైదరాబాదుకు చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని గుజరాతులో అరెస్టు చేశారు. విదేశాల నుండి బండ్లను తెప్పించి, నడుమ మరొక దేశంలో స్టీరింగును ఎడమ నుండి కుడికి మార్పించి, విలువ తగ్గించి చూపి సుమారు నూరు కోట్ల సుంకం ఎగవేశారని అభియోగం. స్టీరింగు మార్చిన బండి పలకల క్రింద అతుకులు, కోసి కట్టిన తీగలు మెకానిక్కు కంటికి దొరుకుతాయి. ఇదంతా కొత్త విద్య కూడా కాదు. 1994లో ఇంగ్లండు నుండి చెన్నైకి దింపిన ఒక కొత్త లెక్సస్ కారును వాడిన కారుగా చూపారన్న కేసులో 2010లో శిక్ష పడింది. మద్రాసు హైకోర్టు 2017లో ఆ శిక్షను ఖాయపరచింది. ఒక కారు కోసం ఇరవై మూడేండ్లు!

రవాణాశాఖవారి వాహన్ లెక్కలలో బండి నెంబరు కొట్టి చూస్తే యజమాని వరుస, అప్పు తీరిందా లేదా, భీమా గడువు కనబడతాయి. అప్పు తీరినా బ్యాంకువారి ఫారం 35 చేతికి రానిదే పేరు మారదు. మార్పుకు ఫారం 29, 30. బయటి రాష్ట్రపు బండి అయితే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం. డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఒక బేరంలో రెండు లక్షలుగాని అంతకు మించిగాని రొక్కం పుచ్చుకోవడం 2017 ఏప్రిల్ నుండి చట్టవిరుద్ధం. 'సగం తెల్లగా, సగం చేతికి' అనే బేరాలకు లొంగితే, ఆ బండి నిజంగా ఎంతకు కొన్నారో రుజువు చేసుకొనే దారి మీకే వుండదు.

భీమా గురించి కొనేవారు చివరకు గాని తలచరు. పేరు మారిన పధ్నాలుగు రోజులలోగా భీమా కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే ఎదుటివానికి జరిగిన నష్టానికి రక్షణ వుండవచ్చు గాని మీ బండికి తగిలిన దెబ్బకు పైసా రాదు. పాత యజమానికి వున్న బోనసు ఆయనదే, బండితో రాదు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్కు, టైరు, బ్యాటరీ వంటి భాగాలకు సగం ధర కోసి ఇస్తారు. సీమబండిలో ఖరీదైన భాగాలు చాలావరకు రబ్బరు, ప్లాస్టిక్కులే!

మా మేనల్లుడు ఆ బండిని వదులుకొన్నాడు. వాని మనసు విరిగిన మాట నిజం. ఇంటికి పోయేటప్పుడు బస్సులో ఒక్కమాట మాట్లాడలేదు. పది రోజుల తరువాత మా బావగారితో తానే ఆ తేదీ సంగతీ, ఎనభై వేల సంగతీ చెప్పాడట. వ్యాను కొన్నారు. సీమబండి ఆశ మాత్రం వాడు వదలలేదు. ఈసారి ఒకే యజమాని చేతిలో, కంపెనీ కొట్టులో బాగుచేయించిన బిల్లులన్నీ వున్న లాండ్ క్రూయిజరు దొరికితే చెప్పమని మెకానిక్కుకు చెప్పిపెట్టాడు. మాకు దానిలో అభ్యంతరం లేదు. బండి ధరలో మూడవ వంతైనా మొదటి ఏటి మరమ్మతుకు విడిగా బ్యాంకులో వేసి, ఆ తరువాతనే బేరానికి దిగమన్నాము. సరేనన్నాడు.

ఇక కొనదలచినవారు మరొక పని చేయాలి. టేపు పట్టుకొని ఇంటి సందును కొలవాలి. మొదటి తరం కయెన్ వెడల్పు నూట తొంబైమూడు సెంటీమీటర్లు, పొడవు నాలుగు మీటర్ల డెబ్బైఎనిమిది. ప్రక్క అద్దాలు విప్పితే ఇంకా ఎక్కువ. బళేపేటలోను, షోలాపూరు మగ్గాల పేటలలోను మన తాతల నాటి ఇళ్ళ సందులు ఎడ్లబండి కొలతకు కట్టినవి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను కూడా వెంట తీసుకుపోయి ఒకసారి ఎక్కించి చూడండి. గాలి సంచులున్న బండి మీట నొక్కితే కొంత క్రిందికి దిగుతుంది. లేనిదానికి మాత్రం బామ్మగారి కోసం ఒక ముక్కాలిపీట డిక్కీలో పెట్టుకు తిరగవలసిందే.